ఎమ్మెస్సీ తర్వాత హెల్త్ రీసెర్చ్ కమ్యూనికేషన్: తెలుగు మీడియం వాళ్లకు దారి ఉందా?

పాలమూరు పిల్ల · ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇక్కడ మొదటిసారి రాస్తున్నాను, కొంచెం పొడుగైతే ఏమనుకోకండి.

మాది మహబూబ్‌నగర్ దగ్గర ఒక పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ అయ్యాక నాలుగేళ్లుగా జడ్చర్ల వైపు ఒక మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్‌లో చేస్తున్నాను. మందులో ఏది ఎంత ఉందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ మెషీన్, షిఫ్టులు, రిపోర్టులు.

పోయినేడు మా నాన్నకు షుగర్ వల్ల కాలికి పుండు పడింది. చూపించుకుంటున్న ఆస్పత్రిలో, కొత్త మందు స్టడీలో చేరతారా అని తొమ్మిది పేజీల కాగితాలు ఇచ్చారు. తెలుగులోనే ఉన్నాయి. నాన్న రెండు పేజీలు చదివి నా చేతిలో పెట్టి "ఇది తెలుగేనా బిడ్డా?" అని అడిగిండు. నాన్న రోజూ పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివే మనిషి. నేను ఇంగ్లీషు కాపీ అడిగి తీసుకుని, చదివి, ఆయనకు నోటితో చెప్పాను. అరగంట పట్టింది. విన్నాక ఆయన ఆరు ప్రశ్నలు అడిగాడు. ఒక్కటి కూడా తేలిక ప్రశ్న కాదు. వాటిలో ఐదింటికి ఆ కాగితాల్లోనే జవాబులున్నాయి, ఆయనకు అందే మాటల్లో మాత్రం లేవు.

అప్పటి నుంచి ఈ పనే చేయాలని మనసులో పడింది. వెతికితే మెడికల్ రైటర్, సైన్స్ కమ్యూనికేటర్, పేషెంట్ ఎడ్యుకేషన్, హెల్త్ జర్నలిస్ట్ అని రకరకాల పేర్లు వస్తున్నాయి. ఏది ఏమిటో తేలడం లేదు. ఇంకో డిగ్రీ చేయాలా? ఇంగ్లీషు రాయగలను, గబగబా మాట్లాడలేను. వయసు 27. ఇంట్లో నా జీతం అవసరం, కాబట్టి ఉద్యోగం మానేసి చదివే వీలు లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

రెగ్యులేటరీ రైటర్ · ఆదివారం, రాత్రి 10:40

చెల్లీ, నేనూ ల్యాబ్ నుంచే వచ్చాను. పదకొండేళ్లుగా హైదరాబాద్‌లో మెడికల్ రైటింగ్ చేస్తున్నాను. పేర్ల గందరగోళం ముందు తీరుద్దాం.

ఎవరు చదువుతారన్నదాన్ని బట్టి పని మారిపోతుంది. మొదటిది, మందును అనుమతించే అధికారులు చదివేది. మందును మనుషుల మీద పరీక్షించే ట్రయల్ ఎలా చేయాలో చెప్పే ప్రోటోకాల్, అయ్యాక రాసే క్లినికల్ స్టడీ రిపోర్ట్, ఇలాంటివి. దీన్ని రెగ్యులేటరీ రైటింగ్ అంటారు. ఆ రిపోర్టు ఏ వరుసలో ఉండాలో ఐసీహెచ్ అనే అంతర్జాతీయ సంస్థ ఇచ్చిన ఈ3 అనే మార్గదర్శకం ఉంది. వందల పేజీలు. ఒక పట్టికలో 212 అని ఉండి, ఇంకో పేజీలో 221 అని పడితే మొత్తం మళ్లీ చూడాల్సిందే. హైదరాబాద్, బెంగళూరులో ఎక్కువ ఉద్యోగాలు ఇక్కడే.

రెండోది, డాక్టర్లు చదివే జర్నల్ వ్యాసాలు, కాన్ఫరెన్స్ పోస్టర్లు. ఇందులో ఒక విషయం ముందే తెలుసుకో. వైద్య జర్నళ్ల సంపాదకుల సంఘం ఐసీఎంజేఈ నియమాల ప్రకారం నాలుగు షరతులూ తీరితేనే రచయితగా పేరు వేస్తారు. ముసాయిదా రాసినంత మాత్రాన నీ పేరు పైన రాదు, చివర కృతజ్ఞతల్లో వస్తుంది. కృతజ్ఞతల్లో కూడా వద్దని ఎవరైనా అంటే ఆ పని ఒప్పుకోకు.

మూడోది, మీ నాన్నగారి లాంటివాళ్లు చదివేది. ట్రయల్‌లో చేరేముందు సంతకం పెట్టే సమ్మతి పత్రాలు, పేషెంట్లకిచ్చే కరపత్రాలు, వీడియో మాటలు, వార్తలు. నీ మనసు ఇక్కడుంది. జీతాలు మాత్రం మొదటి రెండింట్లో ఉన్నాయి. ఉన్నమాట చెప్పాలి కదా.

నా సలహా: మొదటిదాంట్లోకి మారి రెండు మూడేళ్లు గట్టిగా నేర్చుకో. నీకు కొత్త డిగ్రీ అక్కర్లేదు. క్వాలిటీ కంట్రోల్‌లో నాలుగేళ్లంటే ఎస్ఓపీ, అంటే రాసిపెట్టిన పద్ధతి ప్రకారం నడవడం, పద్ధతి తప్పినప్పుడు డీవియేషన్ రిపోర్టు రాయడం, ఆడిటర్ ముందు ప్రతి అంకెకూ ఆధారం చూపించడం నీకు అలవాటై ఉంటుంది. ఫ్రెషర్లకు అది నేర్పడానికే మాకు ఏడాది పడుతుంది. ఇంగ్లీషు గురించి టెన్షన్ వద్దు. ఇక్కడ కావాల్సింది పొట్టి వాక్యం, ఒకే అర్థం. కోర్సెరాలో స్టాన్‌ఫర్డ్ వాళ్ల 'రైటింగ్ ఇన్ ది సైన్సెస్' కోర్సు చెయ్యి. నాకు బాగా పనికొచ్చింది.

ఇంటర్వ్యూకి సర్టిఫికెట్ల కంటే నమూనా ముఖ్యం. మన దేశంలో జరిగే ట్రయల్స్ అన్నీ సీటీఆర్ఐ అనే రిజిస్ట్రీలో ఉంటాయి. 2007లో మొదలైంది, 2009 జూన్ 15 నుంచి నమోదు తప్పనిసరి. ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. ఫలితాలు ఉచితంగా చదవగలిగే వ్యాసంగా వచ్చిన ఒక ట్రయల్‌ను అందులోంచి ఎంచుకో. రిజిస్ట్రీలో మొదట ఏం కొలుస్తామన్నారో, వ్యాసంలో చివరికి ఏం చూపించారో పక్కపక్కన పెట్టి ఒక పేజీ రాయి. ఆ పేజీ చదివితే నువ్వేం చేయగలవో అవతలివాళ్లకు తెలిసిపోతుంది. నీ కంపెనీ కాగితం ఒక్కటి కూడా నమూనాగా వాడొద్దు.

ఉద్దానం గాలి · సోమవారం, ఉదయం 6:25

రైటర్ గారి మాటలు నిజమే కానీ నాకొక అభ్యంతరం ఉంది. ముందు ఆఫీసులో మూడేళ్లు, తర్వాత జనం అనుకుంటే ఆ జనం దగ్గరికి ఎప్పటికీ రాకపోవచ్చు. ఇప్పటి నుంచే నెలకు రెండు రోజులైనా ఊళ్లలోకి వెళ్లమ్మా.

నేను శ్రీకాకుళం జిల్లాలో పరిశోధన బృందాలతో ఫీల్డ్ వర్కర్‌గా తిరిగాను. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు. కొబ్బరి తోటలు, జీడి తోటలు, ఆ నీడలో ఇంటికొక కిడ్నీ రోగి అన్నట్టు ఉంటుంది కొన్ని వీధుల్లో. షుగరూ లేదు, బీపీ పాత కథా లేదు, పొలం పని చేసుకునే మనిషికి కిడ్నీలు పాడవుతాయి. ఎందుకో ఇప్పటిదాకా ఖాయంగా తేలలేదు. నీళ్లన్నారు, సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో పనన్నారు, నొప్పి మాత్రలన్నారు. ప్రతి బృందమూ వచ్చి రక్తం, మూత్రం, నీళ్లు పట్టుకెళ్లింది.

ఒక ఇంట్లో పెద్దావిడ నన్ను నిలదీసింది. "ఇది అయిదోసారి నాయనా, నా రక్తం తీసుకెళ్లడం. ఒక్కడూ తిరిగొచ్చి అందులో ఏముందో చెప్పలేదు." నా దగ్గర జవాబు లేదు. ఆ బృందం వ్యాసం అచ్చయిందని తర్వాత నాకు తెలిసింది. ఆవిడకు తెలియదు.

అప్పటి నుంచి నేనొక పని చేస్తున్నాను. ఏ బృందంతో వెళ్లినా, ఒక్క కాగితమైనా తిరిగి ఇవ్వాలని మొదటి రోజే అడుగుతాను. అందులో మూడు ముక్కలుంటాయి: మీ దగ్గర ఏం కొలిచాం, ఏం కనిపించింది, ఏం తేలలేదు. మూడోదే కష్టం. "తేలలేదు" అంటే "దాస్తున్నారు" అనుకుంటారు. అందుకని "నీళ్లలో ఫలానావి చూశాం, కారణమని చెప్పేంతగా ఏదీ కనిపించలేదు, ఇంకా ఫలానావి చూడాల్సి ఉంది" అని విడమర్చి చెప్పాలి. అలా చెప్పిన ఊళ్లో రెండోసారి వెళ్తే తలుపు తీస్తారు. నా లెక్కలో హెల్త్ రీసెర్చ్ కమ్యూనికేషన్ అంటే ఇది.

నైట్ డెస్క్ · సోమవారం, మధ్యాహ్నం 2:05

తెలుగు పత్రికలో సబ్ ఎడిటర్‌ని. ఆరోగ్యం పేజీ చూస్తాను.

మా వైపు తప్పులు చాలా ఉన్నాయి, ఒప్పుకుంటాను. కానీ తప్పు ఎక్కడ మొదలవుతుందో చూడండి. 2014లో బీఎంజే అనే బ్రిటిష్ వైద్య జర్నల్‌లో ఒక అధ్యయనం వచ్చింది. బ్రిటన్‌లోని 20 యూనివర్సిటీలు తమ పరిశోధనల గురించి పత్రికలకు విడుదల చేసిన 462 ఆరోగ్య ప్రకటనలను అసలు వ్యాసాలతో పోల్చారు. 40 శాతం ప్రకటనల్లో సలహా వ్యాసంలో ఉన్నదాన్ని మించి ఉంది. ఎలుకల మీదో మరో జంతువు మీదో చేసిన పరిశోధనల ప్రకటనల్లో, దాన్ని మనుషులకు అంటగట్టినవి 36 శాతం. ప్రకటన అలా అతి చేస్తే వార్తల్లో 86 శాతం దాన్నే మోశాయి. ప్రకటన ఒళ్లు దగ్గర పెట్టుకుంటే ఆ అతి 10 శాతం వార్తల్లోనే కనిపించింది. అంటే ఆ ప్రకటన రాసే కుర్చీలో మంచి మనిషి కూర్చుంటే, కింద వంద డెస్కుల్లో తప్పు ఆగుతుంది. పాలమూరు చెల్లి లాంటివాళ్లు ఆ కుర్చీలోకి కూడా రావాలి. పరిశోధన సంస్థల్లో, పెద్ద ఆస్పత్రుల్లో ఆ ఉద్యోగాలు ఉన్నాయి.

ఇంకొకటి నేర్చుకోండి. "రెట్టింపు" అనే మాట కనబడితే "దేనికి రెట్టింపు?" అని అడగాలి. 1995 అక్టోబరులో బ్రిటన్‌లో, కొన్ని రకాల గర్భనిరోధక మాత్రలతో రక్తం గడ్డకట్టే ముప్పు రెట్టింపని అధికారికంగా హెచ్చరిక వెళ్లింది. 7,000 మందిలో ఒకరికి వచ్చేది ఇద్దరికి వస్తుందన్నది అసలు సంగతి. అలా ఎవరూ చెప్పలేదు. భయపడి మాత్రలు మానేశారు. తర్వాతి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లో అదనంగా 13,000 గర్భస్రావాలు జరిగాయని అంచనా. గర్భమే ఆ మాత్ర కంటే గడ్డల ముప్పు ఎక్కువ తెచ్చేది. ఈ ఉదాహరణ చదివిన రోజు నేను డెస్కులో అందరికీ వినిపించాను. శాతం వచ్చిన ప్రతి ఆరోగ్య వార్తలోనూ "ఎంతమందిలో ఎంతమందికి" అన్న వాక్యం ఉండాల్సిందేనని పట్టుబట్టడం అప్పుడే మొదలుపెట్టాను.

చెంచాడు ఉప్పు · సోమవారం, సాయంత్రం 4:48

నేను డైటీషియన్‌ని. నైట్ డెస్క్ గారి మాటకు కొనసాగింపు.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో భారతీయుల కోసం 17 ఆహార మార్గదర్శకాలు కొత్తగా విడుదల చేసింది. ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటొద్దన్నది అందరికీ తెలిసిన మాటే. క్లినిక్‌లో నేను ఐదేళ్లు "5 గ్రాములు" అనే చెప్పాను. తలూపి వెళ్లేవాళ్లు. "ఒక టీ స్పూను" అని మార్చాను. ఒక్కో ఇంట్లో ఒక్కో స్పూను. ఇప్పుడిలా అడుగుతున్నాను: "ఇంట్లో ఎంతమంది? ఉప్పు ప్యాకెట్ ఎన్నాళ్లొస్తుంది?" నలుగురున్న ఇంటికి నెలకు 600 గ్రాములు దాటకూడదు. కిలో ప్యాకెట్ నెల తిరక్కుండానే అయిపోతోందంటే ఆవిడే లెక్క కట్టుకుంటుంది. ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు, బయటి మిక్చర్ ఈ లెక్కలోకి రావని కూడా ఆవిడే గుర్తుచేస్తుంది.

సలహా అదే. ఎవరి చేతిలో ఏ కొలత ఉందో వెతకడానికే నాకు ఐదేళ్లు పట్టింది.

ఒక సందేహం · సోమవారం, రాత్రి 8:30

మంచి చర్చ. కానీ ఈ అమ్మాయి ఉన్న ఉద్యోగం వదిలి వస్తానంటోంది కాబట్టి అడుగుతున్నా. ఏఐ ఇప్పుడు క్షణంలో తెలుగులోకి మార్చేస్తోంది. ఐదేళ్ల తర్వాత ఈ పని ఉంటుందా? నా తమ్ముడు అనువాద ఏజెన్సీలో చేస్తాడు, రేట్లు తగ్గుతున్నాయంటున్నాడు.

మాట మార్పిడి · సోమవారం, రాత్రి 9:55

రేట్లు తగ్గిన మాట నిజం. నేను ట్రయల్ కాగితాలే అనువాదం చేస్తాను. ఈ మధ్య మెషీన్ చేసినదాన్ని సరిదిద్దే పని ఎక్కువ వస్తోంది. అందులో నా కళ్లతో చూసినవి చెప్తాను.

ట్రయల్‌లో ఒక్కో గ్రూపును ఇంగ్లీషులో 'ఆర్మ్' అంటారు. తెలుగులోకి "చికిత్స చేయి" అని వచ్చింది. ఎవరికి ఏ మందు ఇస్తున్నారో పేషెంటుకూ డాక్టరుకూ తెలియకుండా ఉంచడాన్ని 'డబుల్ బ్లైండ్' అంటారు. అది "రెట్టింపు గుడ్డి" అయింది. కంటి మందు ట్రయల్‌లో ఆ మాట పేషెంటు చదివితే లేచి వెళ్లిపోతాడు. ఇంతకుముందు ఆ మందు వాడనివాళ్లను 'నాయీవ్' అంటారు, అది "అమాయక రోగులు" అయింది. ఇవన్నీ కనిపించే తప్పులు, రేపు మెషీన్లు దిద్దుకుంటాయి కూడా.

నాకు భయం కనిపించనివాటి గురించి. 'రిస్క్' అన్నచోటల్లా "ప్రమాదం" అని పడుతుంది. మన ఊళ్లో ప్రమాదం అంటే బస్సు గుద్దడం. 'సిగ్నిఫికెంట్' అంటే "ముఖ్యమైన" అని పడుతుంది. వ్యాసంలో దాని అర్థం, ఈ తేడా ఊరికే కాకతాళీయంగా వచ్చినట్టు లేదని. ఎంత పెద్ద తేడా, రోగికి పనికొస్తుందా అన్నది వేరే లెక్క. వాక్యం చదవడానికి నున్నగా ఉంటుంది, అర్థం పక్కకు జరిగిపోయి ఉంటుంది. దాన్ని పట్టుకోవాలంటే సైన్సూ తెలియాలి, తెలుగూ తెలియాలి. రెండూ ఉన్నవాళ్లు నాకు ఎక్కువమంది కనబడలేదు. పాలమూరు పిల్ల గారూ, పదో తరగతి దాకా తెలుగు మీడియం అని కొంచెం తగ్గించుకుని రాశారు. మా పనిలో నేను మొదట వెతికే అర్హత అదే.

బ్యాక్ ట్రాన్స్‌లేషన్ గురించి కూడా తెలుసుకోండి. తెలుగు కాపీని ఇంకొకరు మళ్లీ ఇంగ్లీషులోకి మారుస్తారు, దాన్ని అసలుతో పోల్చి చూస్తారు. మంచి ఉద్దేశమే. కానీ మాటకు మాట పేర్చిన పుస్తకాల తెలుగు తిరిగి అచ్చంగా అసలు ఇంగ్లీషులా వచ్చేస్తుంది, పాసవుతుంది. మనిషి మాట్లాడే తెలుగు కొంచెం వేరుగా తిరిగొస్తుంది, ప్రశ్నలు వస్తాయి. మీ నాన్నగారి చేతికి అలాంటి తెలుగు ఎలా వచ్చిందంటే ఇలాగే. ఆ ప్రశ్నలకు ఓపిగ్గా జవాబు రాసి, మంచి వాక్యాన్ని నిలబెట్టుకోవడం మా పనిలో సగం.

డాక్టర్, భద్రాచలం వైపు · మంగళవారం, ఉదయం 7:10

సమ్మతి పత్రాల మాట వచ్చింది కాబట్టి మా జిల్లా సంగతి చెప్పాలి. కొత్తవాళ్లకు తెలియకపోవచ్చు.

2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో, గుజరాత్‌లోని వడోదరలో హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు జరిగింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే టీకా. మా వైపు 10 నుంచి 14 ఏళ్ల అమ్మాయిలు సుమారు 14,000 మందికి వేశారు. చాలామంది గిరిజన సంక్షేమ హాస్టళ్లలో చదివే పిల్లలు. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు అమ్మాయిలు చనిపోయారని తెలిసి 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం కనిపించలేదని విచారణ కమిటీ చెప్పింది. కానీ సమ్మతి తీసుకున్న తీరులో లోపాలు బయటపడ్డాయి. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఇచ్చిన 72వ నివేదికలో లెక్కలున్నాయి: చూసిన 9,543 ఫారాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టల్ వార్డెన్ల సంతకాలు.

ఆ టీకా మంచిదని నేను నమ్ముతాను. మన ఆడవాళ్లలో అతి ఎక్కువగా వచ్చే క్యాన్సర్లలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఒకటి, ఆలస్యంగా వచ్చిన కేసులు నా చేతుల మీదుగా పోయాయి. అయినా ఇప్పటికీ ఆ టీకా పేరెత్తితే "అప్పుడు హాస్టల్లో వేశారే, అదేనా?" అని అడిగే తల్లులున్నారు. వాళ్లను తప్పు పట్టలేను. వాళ్ల బిడ్డకు ఏం వేస్తున్నారో, ఎందుకో, వద్దంటే ఏమవుతుందో ఆ రోజు వాళ్ల భాషలో ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. వాళ్లలో కొందరి భాష తెలుగు కూడా కాదు, కోయ.

అమ్మా, మీరు అడిగిన "దారి"లో ఒకటి చెప్తాను. 2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం ట్రయల్ చేయొచ్చో లేదో చూసి అనుమతిచ్చే ప్రతి ఎథిక్స్ కమిటీలో సామాన్య వ్యక్తి ఒకరు ఉండాలి. పేషెంటుకిచ్చే సమాచార పత్రం ఆ వ్యక్తీ చదువుతారు. మీరు ఆ కుర్చీకి సరిపోరు, సైన్స్ చదివారు కాబట్టి. కానీ ఆ కుర్చీలో ఉన్నవాళ్లతో పరిచయం పెంచుకోండి. ఏ వాక్యం దగ్గర ఆగిపోయారో వాళ్లు చెప్తే ఏ కోర్సులోనూ దొరకని పాఠం అది.

పాలమూరు పిల్ల · మంగళవారం, రాత్రి 10:20

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారని అనుకోలేదు. అన్నీ రెండుసార్లు చదివాను. డాక్టర్ గారు రాసింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

రైటర్ అన్న చెప్పినట్టు నమూనా మొదలుపెట్టాను. ఒక ట్రయల్ పత్రంలోని చిన్న భాగాన్ని తెలుగులో రాశాను. తప్పులు చెప్పండి:

"ఈ అధ్యయనంలో పాల్గొనేవారు యాదృచ్ఛికంగా రెండు సమూహాలలో ఒకదానికి కేటాయించబడతారు. పాల్గొనడం పూర్తిగా స్వచ్ఛందం. ఎటువంటి నష్టం లేకుండా మీరు ఎప్పుడైనా ఉపసంహరించుకోవచ్చు."

మాట మార్పిడి · మంగళవారం, రాత్రి 10:41

ఇది మీ నాన్నగారికి ఇచ్చిన కాగితమే! మీరు నోటితో చెప్పినప్పుడు "కేటాయించబడతారు" అన్నారా? అప్పుడు ఏమన్నారో గుర్తు తెచ్చుకుని అదే రాయండి.

పాలమూరు పిల్ల · మంగళవారం, రాత్రి 11:30

"ఇందులో రెండు గుంపులుంటాయి. ఒక గుంపుకు కొత్త మందు, ఇంకో గుంపుకు ఇప్పుడు అందరూ వాడే మందు ఇస్తారు. మీరు ఏ గుంపులో ఉండాలో డాక్టరు ఎంచరు, మీరూ ఎంచుకోలేరు. చీటీ తీసినట్టు కంప్యూటరు తీస్తుంది. చేరడం మీ ఇష్టం. చేరాక కూడా ఎప్పుడైనా మానేయొచ్చు. మానేసినా ఈ ఆస్పత్రిలో మీ వైద్యం ఇప్పటిలాగే జరుగుతుంది."

ఉద్దానం గాలి · బుధవారం, ఉదయం 6:05

చాలా నయం. రెండు చోట్ల ఆగాను. "గుంపు" అంటే మందలా వినిపిస్తుంది, "గ్రూపు" అనండి, పల్లెలో అందరికీ తెలుసు, డ్వాక్రా గ్రూపులున్నాయి కదా. "చీటీ" అంటే మా ఊళ్లో చీటీ పాట, డబ్బుల వ్యవహారం గుర్తొస్తుంది. "బొమ్మా బొరుసా వేసినట్టు" అని పెట్టి చూడండి.

న్యూజెర్సీ నుంచి · బుధవారం, ఉదయం 8:15

ఇక్కడ ఒక ఆస్పత్రిలో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌గా చేస్తాను. పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలే నా దగ్గరికి ఎక్కువగా వస్తారు. ఇక్కడి నిబంధనల ప్రకారం అత్యవసరమైతే తప్ప చిన్నపిల్లలను మధ్యలో పెట్టి అనువదించకూడదు, శిక్షణ ఉన్న మనిషి ఉండాలి.

మాకు మొదట నేర్పేది ఇది: "అర్థమైందా?" అని అడగొద్దు. మనవాళ్లు ఎప్పుడూ "ఆఁ, అయిందండీ" అంటారు. డాక్టరు నొచ్చుకుంటారని. దాని బదులు "ఇంటికెళ్లాక అమ్మగారికి ఏమని చెప్తారు?" అని అడుగుతాం. వాళ్లు చెప్పేది వింటే మనం ఎక్కడ తప్పామో తెలిసిపోతుంది. మీ పేరా పట్టుకెళ్లి ఇంట్లో ఒకరికి వినిపించి, ఈ ప్రశ్న అడిగి చూడండి.

రెగ్యులేటరీ రైటర్ · బుధవారం, మధ్యాహ్నం 1:20

ఉద్దానం గాలి గారి అభ్యంతరం గురించి రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. ఆయన అన్నది నా విషయంలో నిజమైంది. మూడేళ్లు అనుకుని వచ్చాను, పదకొండేళ్లయింది, రోగి చదివే కాగితం నా చేతికి నాలుగుసార్లు వచ్చిందేమో. చెల్లీ, ఉద్యోగం మారినా ఆ నెలకు రెండు రోజులు వదలొద్దు.

పాలమూరు పిల్ల · గురువారం, రాత్రి 9:05

నిన్న ఊరికి వెళ్లాను. మా నాయనమ్మకు చదువు రాదు. ఆమెకు, నాన్నకు కలిపి వినిపించాను. నాన్న "ఇప్పుడు తెలుగులా ఉంది" అన్నాడు. తర్వాత న్యూజెర్సీ వారు చెప్పినట్టు నాయనమ్మను అడిగాను, పక్కింటామెకు ఏమని చెప్తావని. ఆమె చెప్పింది: "రెండు మందులున్నయంట, మంచిది ఏదో డాక్టరుకు తెల్సంట, కానీ చెప్పడంట. బొమ్మ పడితే మంచిది, బొరుసు పడితే పాతది."

నేను రాసినదాంట్లో ఒక్క తప్పు మాట లేదు, అయినా ఆమెకు అలా అందింది. "అట్ల కాదు నాయనమ్మా, ఏది మంచిదో డాక్టరుకు కూడా ఇంకా తెల్వదు" అన్నాను. ఆమె ఆశ్చర్యపోయింది. "తెల్వదా? మరి ఆ మాట ముందు చెప్పాలె గదా."

అప్పుడు గుర్తొచ్చింది. నాన్న పోయినేడు అడిగిన ఆరు ప్రశ్నల్లో కాగితంలో జవాబు దొరకనిది ఇదే.

మళ్లీ రాశాను:

"మీ పుండుకు ఇప్పుడు వాడే మందు ఒకటుంది. కొత్త మందు ఒకటి వచ్చింది. రెండింటిలో ఏది బాగా పనిచేస్తుందో డాక్టర్లకు కూడా ఇంకా తెలియదు. అది తెలుసుకోవడానికే ఈ పరిశోధన. కొత్తది మేలు కావచ్చు, పాతంత కూడా పనిచేయకపోవచ్చు. చేరినవాళ్లను రెండు గ్రూపులు చేసి, ఒక గ్రూపుకు పాతది, ఒక గ్రూపుకు కొత్తది ఇస్తాం. ఎవరు ఏ గ్రూపులోకి వెళ్లాలో డాక్టరు ఎంచరు, మీరూ ఎంచుకోలేరు. బొమ్మా బొరుసా వేసినట్టు కంప్యూటరు తేలుస్తుంది. చేరడం, చేరకపోవడం మీ ఇష్టం. చేరాక ఏ రోజైనా, కారణం చెప్పకుండా మానేయొచ్చు. మానేసినా ఈ ఆస్పత్రిలో మీ వైద్యం ఇప్పటిలాగే జరుగుతుంది."

మాట మార్పిడి · గురువారం, రాత్రి 9:32

మూడో వాక్యాన్ని ఎవరు తీసేయమన్నా తీయొద్దు. బ్యాక్ ట్రాన్స్‌లేషన్‌లో ప్రశ్న వస్తే జవాబు ఎలా రాయాలో నేను చూపిస్తాను, మెసేజ్ పెట్టండి.

డాక్టర్, భద్రాచలం వైపు · గురువారం, రాత్రి 10:14

రక్తం ఎంత తీస్తారో రాయలేదు. మా పేషెంట్లు మొదట అడిగేది అదే.

పాలమూరు పిల్ల · గురువారం, రాత్రి 10:26

రాస్తున్నాను డాక్టర్ గారూ. ఆ పత్రంలో 10 మిల్లీలీటర్లు అని ఉంది. "రెండు టీ స్పూన్లంత రక్తం, రెండు నెలల్లో మూడుసార్లు" అని పెడుతున్నాను. మా నాయనమ్మ దగ్గర ఏ స్పూను ఉందో చూసొచ్చాను, మందు సీసాతో వచ్చిన 5 మిల్లీలీటర్లదే. నమూనా ఆదివారం పూర్తవుతుంది, ఇక్కడే పెడతాను.